కొమురవ్వ కుండ నీళ్లు

ఈ మే నెలలో మా మడికొండ కాలనీకి కొత్త రోడ్డు వేస్తున్నారు. పొద్దున ఎనిమిది దాటగానే వేడి తారు వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వస్తోంది. ఇంట్లోవాళ్లు ముక్కులు మూసుకొని తలుపులు బిగించుకుంటున్నారు. నేను మాత్రం ఎవరూ చూడకుండా వంటింటి కిటికీ తెరిచి నిలబడుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు రోడ్డు రోలర్ నడిపినవాణ్ని. ఆ వాసన తగిలితే నా ఎడమకాలు దానంతట అదే క్లచ్ కోసం వెతుక్కుంటుంది. మొన్న ఉండబట్టలేక కిందికి దిగాను. రోలర్ నడిపే మనిషికి ముప్ఫై ఏళ్లుంటాయేమో, అద్దాల గదిలో కూర్చున్నాడు, లోపల ఏసీ. అద్దం దించి పలకరించిన పాపానికి నా చరిత్రంతా విప్పాను.

"నేను మరిపెడ రోడ్డు మీద రోలర్ తోలిన తమ్మీ. యాభై డిగ్రీల ఎండ. నెత్తి మీద రేకు గూడ లేదు. నలభై అయిదు రోజులు, రోజుకు ఒక్కటే క్యాన్ నీళ్లు. ఒక్కనాడు ఎండదెబ్బ తగలలే నాకు. మా గ్యాంగుల పద్నాలుగు మంది ఉంటె పద్నాలుగు మందిని నేనే కాపాడిన."

"ఎట్ల కాపాడినవ్ తాతా?"

"ఉపాయాలుంటయ్."

"మంచిది తాతా, జర పక్కకు జరిగి చెప్పు, చక్రం కింద పడ్తవ్," అని అద్దం ఎత్తుకున్నాడు.

అతను నమ్మలేదని నాకు కోపం రాలేదు. నమ్మితేనే ఇబ్బంది. యాభై డిగ్రీలన్నది అబద్ధం. ఆ ఏడు పేపర్లో నలభై ఆరని చదివిన గుర్తు, పైన నాలుగూ నావి. రోజులు ముప్ఫై దాటి ఉండవు. నెత్తి మీద రేకు ఉండేది, కాకపోతే దానికి చిల్లులుండేవి. రోజుకు ఒక్క క్యాన్ అన్నది నిజమే, కానీ అది గొప్ప విషయం కాదని ముందు ముందు మీకే తెలుస్తుంది. ఇక ఎండదెబ్బ తగలలేదన్నదీ, నేను కాపాడానన్నదీ పూర్తిగా తలకిందుల మాట. ఉపాయాలున్న మాట వాస్తవం. అవి నావి కావు, కొమురవ్వవి. పాతికేళ్లుగా నావని చెప్పుకొని తిరుగుతున్నాను.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ఏది ముందో ఏది వెనకో తేలడం లేదు. ఈ కథను ఎంతమందికి ఎన్ని రకాలుగా చెప్పానంటే, జరిగినవీ నేను అల్లినవీ కలిసిపోయి ఇప్పుడు విడదీద్దామంటే చేతికి రావడం లేదు. అందుకని బాగా తెలిసినవి ముందు చెబుతాను. తెలియని చోట తెలియదని చెబుతాను. మధ్యలో ఎక్కడైనా గొప్పలకు పోతే అది పాత అలవాటు, క్షమించండి.

అప్పుడు నాకు నలభై రెండేళ్లు. ఇల్లు కాజీపేటలో. ఒక కాంట్రాక్టరు దగ్గర రోలర్ నడిపేవాణ్ని. రోలర్ నడిచే వేగానికి రోజూ ఇంటికి వెళ్లి రావడం కుదరదు కాబట్టి రోడ్డు ఎక్కడుంటే మా కాపురం అక్కడే. రోలర్ వెనక ఇనుప చక్రాల మీద ఒక రేకుల గది కట్టి ఉండేది. అందులో నా మడత మంచం, కిరసనాయిలు స్టవ్వు, గోడకు వేలాడే అద్దం, నా నీళ్ల క్యాన్. రోడ్డు రెండు కిలోమీటర్లు ముందుకు సాగితే నా ఇల్లు కూడా రోలర్ వెనక ఈడ్చుకుంటూ సాగేది. దాన్ని అందరికీ నా బంగళా అని చెప్పేవాణ్ని. మే నెల నడిమికి వచ్చేసరికి ఆ బంగళాలో వీపు గోడకు తగిలితే బొబ్బ లేచేది. గ్యాంగులో పద్నాలుగు మంది ఆడా మగా, అందరూ ఒకే ఊరివాళ్లు, రోడ్డు పక్కన టార్పాలిన్ గుడారాల్లో ఉండేవాళ్లు. తారు పనికి వాన పనికిరాదు, చలి పనికిరాదు. అందుకని లోకమంతా నీడ వెతుక్కునే రోజుల్లోనే మాకు పని మొదలయ్యేది. టిప్పర్లో పొగలు కక్కే కంకర వచ్చేది. వాళ్లు దాన్ని పారలతో పరిచేవాళ్లు, అది చల్లబడేలోగా నేను దాని మీద ముందుకూ వెనక్కూ రోలర్ నడపాలి. వేడి తారు మీద రోలర్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఆగితే చక్రం దిగబడి గుంట పడుతుంది, ఆ గుంట ఇక పోదు.

కొమురవ్వ ఆ గ్యాంగులో నీళ్ల మనిషి. అరవై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. పాదాలకు తడి గోనెపట్టా ముక్కలు కట్టుకొని, నెత్తిన తడి తువ్వాల వేసుకొని, చంకలో కుండతో నడుస్తుంటే ఆమె దాటిపోయిన దారంతా తడి చుక్కలుండేవి. ట్యాంకరు నుంచి నీళ్లు పట్టి కుండలో పోసుకొని అందరికీ అందించడం ఆమె పని. గ్యాంగును నడిపేది మేస్త్రీ యాకయ్య అని కాంట్రాక్టరు అనుకునేవాడు. యాకయ్య కూడా అలాగే అనుకునేవాడు. పొద్దు పది దాటాక మాత్రం గ్యాంగు కొమురవ్వది. ఒక టిప్పరు ఖాళీ అయిందంటే అందరూ పారలు దించి తలా ఒక ముంత తాగాల్సిందే.

"దూప అయితలేదవ్వా," అని ఎవరైనా నసిగితే,

"దూప అయ్యేదాక ఆగితె నీకు నీళ్లెందుకురా కొడుకా? నలుగురు మోసెటోళ్లు గావాలె. తాగు," అనేది.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. రాయడానికి మొదట కొంచెం సిగ్గుపడ్డాను గానీ, ఆమెలో అసలు తెలివంతా అక్కడే ఉంది. తెల్లవారి మనుషులు పొదల చాటు నుంచి తిరిగి వస్తుంటే దారిలో నిలబడి ఒక్కొక్కరినీ నిలదీసేది, "ఏ రంగుల వోసినవ్?" అని. మొదటిరోజు యాకయ్య మొహం కందగడ్డ అయింది.

"గిదేం అడుగుడక్కా, ఆడోళ్లున్నరు."

"ఆడోళ్లను గూడ అడిగిన్నే. నీళ్ల లెక్కుంటె పనికి పో, చాయ్ లెక్కుంటె నీడకు కూసో. నీది నీళ్లా, చాయా?"

"చాయ్," అన్నాడు యాకయ్య తల వంచుకొని.

"పాల చాయా, డికాషనా?"

గ్యాంగంతా పొట్టలు పట్టుకొని నవ్వారు. యాకయ్య రెండు ముంతలు తాగి గంటసేపు నీడన కూర్చున్నాడు. ఆ వేసవిలో పక్క గ్యాంగుల్లో మనుషులు సొమ్మసిల్లి పడిపోయారని వింటుండేవాళ్లం. మా దగ్గర పద్నాలుగు మందిలో ఒక్కరూ పడలేదు. పడ్డది పదిహేనోవాడు.

నన్ను కూడా అడిగింది. అందరినీ కొడుకా, బిడ్డా అని పిలిచే మనిషి నన్ను మాత్రం పటేలా అనేది. నేను భూములున్న పటేళ్ల ఇంటినుంచి వచ్చానని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పనక్కర్లేదేమో, నేను నిలబడే తీరులోనే ఉంటుందేమో. "ఏంది పటేలా, నీదే రంగు?" అంటే, "బంగారం," అన్నాను ఠీవిగా. "గా బంగారం దవాఖానల డాక్టరుకు సూపియ్యి, మురుస్తడు," అని కుండ దించి ముంత నింపి చాచింది. "జర తాగు."

"నాకు క్యాన్ల ఉన్నయ్."

"అవి కాగిపోయినయ్. ఇవి సల్లగున్నయ్."

"రోలర్ డ్రైవర్‌కు దూప కాదవ్వా."

ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, ఆ ముంతెడు నీళ్లూ తన నెత్తి మీద తువ్వాల మీద పోసుకొని వెళ్లిపోయింది. అప్పటినుంచి రోజూ ఇదే వరస. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. మూడోసారి అడిగేది కాదు. అడగడం మానేదీ కాదు.

ఇక్కడ ఆగి చెప్పాల్సింది ఒకటుంది. నేను ఆ నీళ్లు ఎందుకు తాగలేదో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో పనికి వచ్చేవాళ్లకు మా అవ్వ పైనుంచి నీళ్లు పోసేది, వాళ్లు దోసిళ్లు పట్టి తాగేవాళ్లు. వాళ్ల కుండలోంచి మేం తాగడమన్న మాటే లేదు. అవన్నీ వదిలేసి రోడ్డున పడి బతుకుతున్నానని అనుకునేవాణ్ని. బస్టాండు హోటళ్లలో ఎవరు కడిగిన గ్లాసులోనో చాయ్ తాగేవాణ్ని, ఎవరు నింపిన డ్రమ్ములోవో నీళ్లు తాగేవాణ్ని. ఎవరివో తెలియకపోతే గొంతు దిగేవి. కుండ పట్టుకున్న చెయ్యి ఎదురుగా కనిపిస్తే మాత్రం నా చెయ్యి ముందుకు పోయేది కాదు. పోనిద్దామనే చూసేవాణ్ని. ఇది అబద్ధం కాదు, రెండు మూడుసార్లు గట్టిగా అనుకొని కూడా చూశాను. తీరా నోట్లోంచి ఆ దూప కాదన్న మాటే వచ్చేది. ఇప్పుడు తలచుకుంటే ఆ మనిషి నేనేనా అనిపిస్తుంది. నేనే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నేను తాగనని తెల్సు గద, రోజు ఎందుకు మోసుకొస్తవ్?"

"నీళ్లిచ్చుడు నా పని. తాగుడు నీ పని. ఎవ్వల పని వాళ్లు జెయ్యాలె పటేలా," అంది. కోపంతో అన్నదా, నవ్వుతూ అన్నదా, నాకు నా పని తెలియదని అన్నదా? అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాళ్లు గుడారాల్లో ఉండేవాళ్లు కాదు. రోడ్డు కింద మోరీలుంటాయి కదా, వానాకాలం నీళ్లు అటునుంచి ఇటు పారడానికి కట్టినవి. వేసవిలో అవి ఎండిపోయి ఉంటాయి. పైన రోడ్డు ఎంత కాలినా కింద రాతి గోడలు చల్లగా ఉంటాయి, ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నగా గాలి ఆడుతుంది. కొమురవ్వ ముందుగా కర్రతో మోరీ అంతా తట్టి, పాములూ తేళ్లూ లేవని చూసుకొని, రెండు కొసలకూ తడి గోనెపట్టాలు వేలాడదీసేది. ఆ పట్టాల మీద చారెడు నీళ్లు చల్లితే లోపలికి వచ్చే గాలికి ఒళ్లు జల్లుమనేది. పద్నాలుగు మందీ అందులో వరసగా పడుకునేవాళ్లు. రోడ్డు మీద బతికేవాళ్లు, రోడ్డు కింద నిద్రపోయేవాళ్లు. నేను పైన నా బంగళాలో ఉడికిపోతూ, కింది నుంచి వచ్చే వాళ్ల నవ్వులు వినేవాణ్ని.

నేనూ ఊరికే ఉండలేదు. ఆమె చేసేవన్నీ ఓరకంట చూసి దొంగచాటుగా చేసేవాణ్ని. చక్రాలకు తారు అంటుకోకుండా సన్నగా నీళ్లు కారడానికి రోలర్ మీద ఒక టాంకీ ఉండేది. దాన్ని ఏ కుంటలోనో నింపుకొచ్చేవాళ్లు. నాచు, తుప్పు, డీజిల్ వాసన. ఆ నీళ్లలో గోనెపట్టా తడిపి నా కిటికీకి కట్టాను. ఆమెలాగే చెవుల వెనక, మోచేతుల మడతల్లో తడుపుకునేవాణ్ని. ఇన్నేళ్లూ ఉపాయాలని చెప్పుకున్నవి ఇవే. ఆమె తెలివి అంతా తీసుకున్నాను, నీళ్లు మాత్రం తీసుకోలేదు. ఆమె చూసింది. ఒకసారి నా కిటికీ వైపు చూసి, "పట్టా మూడంచెలుగ మడత వెయ్యి పటేలా, జెప్పున ఆరది," అని చెప్పి వెళ్లింది కూడా.

ఇక ఆ రోజు. ఆ రోజు తాగే నీళ్ల ట్యాంకరు రాలేదు. ఎక్కడో టైరు పేలిందన్నారు. ముందురోజు నీళ్లు కుండలో సగానికి పైగా ఉన్నాయి, అంతే. పని ఆపుదామని కొమురవ్వ అంటే, రెండు టిప్పర్లు బయలుదేరాయి, కంకర చల్లబడితే పారబోయాల్సిందే, కుదరదన్నాడు యాకయ్య. మొదటిది పదకొండుకు వచ్చింది. రెండోది పన్నెండు దాటాక వచ్చింది. నా క్యాన్ పదింటికే అయిపోయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కంకర పరిచి వాళ్లంతా మోరీ కిందికి దిగబోతుంటే ఆమె కుండ అడుగు గీకి నా దగ్గరికి వచ్చింది. అందరికీ తలా అరముంత పోసి, నాకూ అరముంత మిగిల్చింది.

"ఇయ్యాల ట్యాంకర్ లేదు పటేలా. తాగు."

"ఉన్నయ్ నా దగ్గర."

"ఏవీ?"

నేను చేసిన పని వినండి. ఖాళీ క్యాన్ ఎత్తి మూతికి పెట్టుకొని, గుటకలు మింగుతున్నట్టు గొంతు ఆడించాను. నాలుగు గుటకలు. ఆమె నా గొంతు వంకే చూస్తూ నిలబడింది. క్యాన్ దించి మూతి కూడా తుడుచుకున్నాను. ఆమె ముంత మీద అరచెయ్యి మూసి కిందికి దిగింది.

పైన నేనొక్కణ్నే మిగిలాను. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. కాసేపటికి చెమట పట్టడం ఆగిపోయింది. వాతావరణం చల్లబడింది కాబోలు అనుకున్నాను. హాయిగా కూడా అనిపించింది. మీరు ఎండలో ఉన్నప్పుడు చెమట ఆగి హాయిగా అనిపిస్తే, అది హాయి కాదు, వెంటనే ఎవరినైనా పిలవండి. నాకు ఆ తెలివి లేదు, పాట ఎత్తుకున్నాను. రోడ్డు మీద దూరంగా నీళ్లు మెరుస్తున్నాయి. ఎండమావి అని తెలుసు. తెలిసినా అటే నడుపుతున్నాను. కాజీపేట స్టేషన్లో బండి కూత పెట్టినట్టు వినిపించింది. రోలర్ ముందుకు పోతోందో, నేను కదలకుండా ఉంటే రోడ్డే వెనక్కి జారిపోతోందో తెలియలేదు. వెనక్కి తిప్పాల్సిన చోటు దాటిపోయాను. రోలర్ వంకరగా రోడ్డు అంచుకు, వాళ్లు పడుకున్న మోరీ వైపు పోతోంది. అక్కడ అంచు దాటితే నాలుగు నిలువుల పల్లం. కాదు, నాలుగు లేదు. ఒక నిలువు ఉంటుంది. ఎనిమిది టన్నుల రోలర్‌కు అది చాలు, కింద మోరీ నోటి దగ్గర పడుకున్న వాళ్లకూ చాలు.

కింద ఉన్న కొమురవ్వకు నా రోలర్ చప్పుడు నెత్తి మీదే వినిపిస్తుంటుంది. ఇటు వచ్చి అటు మళ్లడం. ఆ రోజు మళ్లాల్సిన చోట చప్పుడు మళ్లలేదట. ఆమె పట్టా తోసుకొని పైకి పరిగెత్తింది. నడుస్తున్న రోలర్ మెట్టు ఎక్కి, రోజూ నేను లాగుతుండగా చూసిన కడ్డీని రెండు చేతులతో వెనక్కి లాగేసింది. రోలర్ ఆగింది, ఆగకూడని చోట, వేడి తారు మీద. నన్ను కిందికి లాగి మోరీలో పడుకోబెట్టారు. తర్వాత టిప్పర్లో మరిపెడ దవాఖానకు పట్టుకుపోయారు. రోలర్ మూడు చక్రాలూ దిగబడిన చోట మూడు గుంటలు పడ్డాయి. ఇంజనీరు వచ్చి అడిగితే బ్రేకు పట్టేసిందని చెప్పాను. తోటి డ్రైవర్లకు, స్పృహ తప్పుతూ కూడా ఆఖరు ఊపిరితో రోలర్ ఆపి పద్నాలుగు మందిని కాపాడానని చెప్పాను. ఇంట్లో జ్వరమని చెప్పాను. చాలా ఏళ్లు బస్సులో ఆ దారిన పోతుంటే ఆ గుంటల మీద బస్సు ఎగిరిపడేది, పక్కన కూర్చున్నవాళ్లు రోడ్డు వేసినవాణ్ని తిట్టేవాళ్లు, నేనూ వాళ్లతో కలిసి తిట్టేవాణ్ని. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. ఇప్పుడు ఆ చోటు ఎక్కడో కూడా నాకు తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మోరీలో జరిగింది ఒక ఎత్తు. ఆ కాసేపట్లో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తులేదు, కానీ ఆ ముక్కలే నా దగ్గరున్న అన్నిటికంటే విలువైనవి. తల ఎవరి ఒళ్లోనో ఉంది. చెవుల వెనక చల్లగా తగిలింది. నల్లటి ముడతల చెయ్యి ఒకటి ముంత పట్టుకొని నా మూతి దగ్గరికి వచ్చింది. "తాగు కొడుకా," అంది గొంతు. కొడుకా అంది, పటేలా అనలేదు. నేను నోరు తెరిచాను. అవి కొమురవ్వ కుండ నీళ్లు. అంత తియ్యటి నీళ్లు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేను తాగలేదు. ఆ ఒక్క ముంతతో మా ఇంటి నలభై ఏళ్ల గోడ కూలిపోయింది. వారం తర్వాత పనిలోకి వచ్చి, ఆ వేసవి మిగిలిన రోజులన్నీ ఆమె కుండ నీళ్లే తాగాను. తాగాననే గుర్తు.

ఇప్పటికీ ఆమె నన్ను వదల్లేదు. ఎండాకాలం వస్తే దూప కాకముందే తాగుతాను, గంటకోసారి, ఎవరో టిప్పరు ఖాళీ చేసినట్టు. ఇంటికి వచ్చిన చుట్టాలను కూర్చోబెట్టి ఏ రంగు అని అడుగుతాను. కోడలు చెవులు మూసుకుంటుంది. ఎండన పడి వచ్చినవాణ్ని ఎవరినైనా ఆపి చెవుల వెనక తడుపుతాను. ఆమె పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఇది రాశాను.

రాసింది చదివి వినిపిద్దామని నిన్న మరిపెడ పోయాను. కొమురవ్వ పోయి రెండేళ్లయిందని అక్కడే తెలిసింది. ఆమె కూతురు సరోజన అప్పుడు మా గ్యాంగులోనే కంకర తట్టలు మోసేది. ఇప్పుడు రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పుచ్చకాయలు అమ్ముతోంది. నన్ను ఆనవాలు పట్టి, స్టూలు తుడిచి వేసింది. "గింత ఎండల ఎందుకొచ్చినవన్నా? నీళ్లియ్యనా?" అంది. ఉన్నాయి చెల్లె అని చేతిలో సీసా ఎత్తి చూపించి, కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. తల్లి యాకయ్యను అడిగిన రంగుల దగ్గర పకపకా నవ్వింది. ఖాళీ క్యాన్ దగ్గర నవ్వలేదు. మోరీ దగ్గరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకొని చదివాను. అయిపోయాక ఆమె స్టూలు నా దగ్గరికి జరుపుకుంది.

"మంచిగ రాసినవన్నా. గని అది తప్పు."

"ఏది?"

"నీళ్లు. నీ తలకాయ నా ఒళ్లె ఉండె, నాకెర్క గాదా? అవ్వ దాసిన అరముంత నీ మూతి కాడ వెట్టింది. నువ్వు మూతి తిప్పినవ్. సోయి లేకున్న గూడ తిప్పినవ్. మల్ల వెట్టింది, మల్ల తిప్పినవ్. బలవంతంగ పోస్తె తెలివికొచ్చినంక కక్కుకుంటడు, పాణం పోతదన్నది అవ్వ. ఉరికి పోయి నీ రోలర్ టాంకీల నీళ్లు పట్టుకొచ్చింది. అవి తాగినవ్ గటగట. కొడుకా అనలే, 'నీ టాంకీయే పటేలా, తాగు' అన్నది."

"మరి తర్వాత? మిగిలిన రోజులు తాగిన గద?"

"యాడ తాగినవ్? వారమైనంక రెండో క్యాన్ కొనుక్కొని వచ్చినవ్."

నేను కాగితాలు మడిచాను. కోసిన పుచ్చకాయ ముక్కల మీద వాలిన ఈగల్ని ఆమె గుడ్డతో తోలుతోంది. ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయి, నాకు బాగా గుర్తు, అన్నాను. ఆమె గుడ్డ ఆపి నా చేతి వైపు చూసింది.

"మా ఇంటి నీళ్లు తియ్యగుంటయో సప్పగుంటయో నీకెట్ల ఎర్కన్నా? ఇప్పుడు ఇస్తనన్నా సీస సూపిస్తివి."